పరీక్ష తప్పిన దినమున

బాల్యము దాటి యౌవనమున నడుగిడు పిల్లలకు కష్టములు పలువిధములుగా వచ్చును. వానిలో మిక్కిలి సామాన్యమైనదియు, వారు మిక్కిలి వెఱచునదియు పరీక్ష తప్పుట. పరీక్ష నెగ్గుటకు మార్గములు బోధించువారు పెక్కండ్రు కలరు. తప్పిన దినమున నేమి చేయవలయునో చెప్పువారు అరుదు. కావున దానినే యిచట చెప్పబూనితిమి.

పరీక్ష తప్పుట యేమియు కాదని మేము చెప్పము, అది యసత్యము. ధనము వ్యయమగుటయు, తల్లిదండ్రులు దుఃఖించుటయు నిజమే. కాని తప్పుట యొక కష్టము. దానిని దాచుట వేఱొక కష్టము. మొదటిదానికి ప్రతిక్రియ కలదు. రెండవది దాచినకొలది పెరుగును.

శ్రీనివాస రామానుజన్ 1904వ సంవత్సరమున విద్యార్థివేతనముతో కుంభకోణము కళాశాలయందు చేరెను. గణితమునందే మనసు నిలిపి తక్కినవానిని విడిచినందున పరీక్షలు తప్పి, ఆ వేతనమును గోల్పోయెను. 1905లో, పదునెనిమిదేండ్లు నిండకమునుపే, ఇంటివారికి చెప్పక విశాఖపట్టణమునకు వెడలిపోయెను. పిమ్మట చెన్నపట్టణమున చదివి 1907లో ఎఫ్. ఏ. పరీక్షయందును తప్పెను. పారిపోవుటవలన ఆయనకు కలిగిన మేలు లేదు. తన లెక్కల పుస్తకములను చేతబట్టుకొని పెద్దలను దర్శించి సహాయ మర్థించినప్పుడే మార్గ మేర్పడెను. నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావుగారు వానిని జూచి, నెలనెల ధనమిచ్చి పోషించిరి. 1912లో పోర్టు ట్రస్టునందు గుమాస్తా పని దొరికెను. 1918లో లండనునందలి రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా గ్రహించిరి. తప్పినవారెల్లరు రామానుజన్ అంతటివారగుదురని మేము చెప్పము. ఆయన మేధ యందఱికి లేదు. అడుగుట యందఱికిని చేతనగును.

మార్కుల కాగితమే తుదితీర్పు కాదనుటకు మఱియొక నిదర్శనము కలదు. 2019వ సంవత్సరము ఏప్రిలు నెలలో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వెలువడినప్పుడు, ఒక బాలికకు తెలుగునందు వచ్చిన 99 మార్కులకు బదులు సున్న వేయబడెను. తప్పినవారి పత్రములను ప్రభుత్వము మరల పరిశీలింపజేయగా వేయిమందికి పైగా నెగ్గిరి. కాని యంతలోనే యిరువదిమందికి తక్కువగాని విద్యార్థులు ప్రాణములు గోల్పోయిరి. పత్రమును మరల దిద్దవచ్చును. పోయిన బిడ్డను తేలేము.

కావున, ఓ బాలబాలికలారా, ఈ క్రమమును జ్ఞాపకముంచుకొనుడు. ఫలితము తెలిసిననాడే, ప్రొద్దు గ్రుంకకమునుపే, ఒక్కరికైనను నిజము చెప్పుడు. తండ్రితో చెప్ప భయమైనచో అమ్మమ్మతోనో, మేనమామతోనో, నమ్మిన యుపాధ్యాయునితోనో చెప్పుడు. ఆ రాత్రి యొంటరిగా నుండకుడు, భుజించి నిద్రింపుడు. మీ యీడువారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలయును. నిద్రలేనివారికి చిన్న కష్టమును కొండవలె దోచును. పిమ్మట, గడువు దాటకమునుపే, మార్కులు మరల కూడింపవలెనని దరఖాస్తు పెట్టుడు. రెండు తెలుగు రాష్ట్రములయందును సప్లిమెంటరీ పరీక్షలు ఆ వేసవి దినములలోనే జరుగును గనుక, అందు నెగ్గినవారికి సంవత్సరము పోదు. ఆ చదువే మీకు సరిపడదని తోచినచో, పదవ తరగతి నెగ్గినవారికి పాలిటెక్నిక్కును, ఐ.టి.ఐ.యును, సార్వత్రిక విద్యాపీఠమును గలవు.

బ్రదుకుట యేల యను తలంపు ఒక్కమాఱు గలిగినను దానిని దాచకుడు. దగ్గఱనున్న పెద్దలకు వెంటనే చెప్పుడు. 14416 అను సంఖ్యకు ఫోను చేయుడు. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అను నీ సేవ రేయింబవళ్లును ఉచితముగా, తెలుగునందును లభించును.

ఇక పెద్దల కొక్క మనవి. సత్యము పలుకుమని పిల్లలకు బోధించి, పలికిననాడు దండించుచో, మనము వారికి అసత్యమునే నేర్పినవార మగుదుము. పొరుగువారి బిడ్డతో పోల్చుట, చుట్టములయెదుట చిన్నబుచ్చుట, ఖర్చుల లెక్క చెప్పుట యను మూటిని మానుదము. ఆ దినమున అన్నము తింటివా యని మొదట నడుగుదము. మార్కుల మాట మఱునాడు. ఫలితములు వెలువడకమునుపే ఈ మాటలను పిల్లలచే చదివించి, కష్టము వచ్చిననాడు మొదట నెవరితో చెప్పవలయునో వారినే నిశ్చయించుకొననిండు.