అంటుకట్టే చేయి



మామిడి టెంకను పాతితే మొక్క మొలచును. కాని తల్లిచెట్టు పండే దానికి కాయునన్న నమ్మకము లేదు. బంగినపల్లి గుణము చెడకుండా రావలెనంటే, ఆ చెట్టు కొమ్మను టెంకమొక్కపై అంటుకట్టవలసినదే. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు నిలిపినవారిలో తోట యజమానులతోపాటు, నర్సరీలలో నేలమీద కూర్చొని కత్తి పట్టే పనివారు కూడ ఉన్నారు. ఈ సంగతి మనము తరచు మరచిపోతున్నాము.

ఉద్యోగములో చేరిన కొత్తలో నేనును మరచినాను. బెరడుకు, కొయ్యకు నడుమనున్న జీవపొరను గురించి బి.యస్సి. పరీక్షలో చక్కగా వ్రాసినవాడను. ఆ ధైర్యముతో ఒక ఊరిలో రైతుల ముందు ఇరవై మొక్కలకు అంటుకట్టి చూపినాను. నెల తరువాత వెళ్లి చూడగా మూడే చిగిర్చినవి. రైతులు ఒక్క మాట అనలేదు. అందుకే మరింత సిగ్గుపడినాను.

తరువాత తూర్పు గోదావరి జిల్లా కడియము నర్సరీలకు వెళ్లినాను. అక్కడ ఒక పెద్దాయన నా కోత చూచి, "కత్తిని రంపంలా ఆడించకండి బాబూ. ఒక్క లాగుకే తెగాలండి. మళ్లీ గీస్తే గుంట పడుతుంది, అతుకు కూడదు" అన్నాడు. జీవపొర అను పేరు ఆయన వినలేదు. అది ఎక్కడున్నదో ఆయన బొటనవ్రేలికి తెలియును. వారము రోజులు ఆయన ప్రక్కన పీట వేసుకొని కూర్చున్నాను. నేర్చుకొన్న పద్ధతి ఇది:

1. మంచి కాపుగల తల్లిచెట్టున 3–4 నెలల వయసు కొమ్మలను ఎన్నుకొనవలెను. కోయుటకు 7–10 రోజుల ముందు ఆకులు త్రుంచి, తొడిమలు ఉంచవలెను. అప్పుడు మొగ్గలు ఉబ్బి త్వరగా చిగిర్చును.

2. టెంకమొక్క కాండము, కోసిన పుల్ల ఒకే లావుండవలెను. పెన్సిలు లావు చాలును.

3. టెంకమొక్క తల కోసి, నడిమికి 3–4 సెంటీమీటర్ల లోతు చీల్చవలెను. 10–15 సెంటీమీటర్ల పుల్ల అడుగును ఇరువైపుల అంతే పొడవున ఉలి అంచు వలె చెక్కి, చీలికలో దింపవలెను. ఒక ప్రక్కనైనను రెండింటి బెరడులు సరిగా కలియవలెను. జీవపొరలు కలిసిననే అతుకు పడును.

4. పాలిథీన్ పట్టీతో బిగువుగా చుట్టి, పుల్లపై పాలిథీన్ గొట్టము తొడిగి నీడన ఉంచవలెను. 2–3 వారములలో చిగురు వచ్చును. అప్పుడు గొట్టము తీయవలెను. అతుకు గట్టిపడిన పిదప పట్టీని కూడ విప్పవలెను. లేనిచో కాండమును నొక్కివేయును. అతుకు క్రింద వచ్చు చిగుళ్లను గిల్లివేయుచుండవలెను.

జూలై, ఆగస్టు నెలల తేమ ఈ పనికి అనుకూలము.

అంటు ఎండిపోయినచో నెలలోనే తెలియును. పుల్ల వేరొక చెట్టుదైనచో నాలుగైదేండ్లకు కాపు వచ్చినప్పుడు గాని బయటపడదు. అంతవరకు పెట్టిన నీరు, ఎరువు, కాలము వృథా. కావున అంటుకట్టే మనిషి నేర్పు, నిజాయితీ మీదనే తోట భవిష్యత్తు నిలిచియున్నది. అట్టివానిని "వట్టి కూలి" అనుట న్యాయమా? కూలి నిర్ణయించునప్పుడు ఆ నేర్పుకు కూడ విలువ కట్టవలెను.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ప్రదర్శన పెట్టినప్పుడు కత్తి మీరే పట్టండి. పని తెలిసిన కూలీని పిలిచి, కుర్చీ వేసి, ఆయనచేత చెప్పించండి. తప్పు పోతే అందరి ముందు దిద్దించుకొనండి.

రైతులకు మరొక మనవి. "చదవకపోతే కత్తి పట్టుకొని కూలికి పోతావు" అని పిల్లలను బెదిరించకండి. చదువుకొన్న బిడ్డకే ఆ కత్తి నేర్పండి. ఇప్పుడే పది టెంకలు సంచులలో నాటించండి. అవి పెన్సిలు లావైన తరువాత, వానకాలము చూచి ఆ బిడ్డచేతనే అంటుకట్టించండి. మొదట కొన్ని ఎండును. నావి పదిహేడు ఎండినవి.