ఎరువుల ఫ్యాక్టరీ వస్తుందంటే ముందు మన బావి నీళ్ళు పరీక్ష చేయించాలి: రామగుండం నేర్పే పాఠం

ఈ విషయం వీడియోలో మాట్లాడాను గానీ, మాటల్లో చెప్పిన లెక్కలు గుర్తుండవు. అందుకే పక్కన పెట్టుకుని చదువుకునేలా ఇక్కడ రాస్తున్నాను.

మా పామూరులో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అడిగాడు. "ఏం అబ్బాయ్, పక్క మండలంలో గ్యాస్ ఫ్యాక్టరీ అంట, దాంట్లోంచి సేంద్రియ ఎరువు కూడా వస్తదంట. మీ ప్రకృతి వ్యవసాయం వాళ్ళకి పండగే గదా?" ఆయన అడిగింది పీసీపల్లి మండలం దివాకరపల్లి దగ్గర రిలయన్స్ సంస్థ తలపెట్టిన కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటు గురించి. 2025 ఏప్రిల్ 2న మంత్రి నారా లోకేష్ దానికి శంకుస్థాపన చేశారు. "పండగో కాదో కాగితాలు చూసి చెప్తా పెద్దయ్యా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే ముందు రామగుండం దాకా వెళ్ళి రావాలి. అక్కడిది యూరియా, ఇక్కడిది బయోగ్యాస్. రెండూ ఒకటి కావు. కానీ ఊరివాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు మాత్రం చాలావరకు ఒకటే.

రామగుండంలో ఏం జరిగింది

పెద్దపల్లి జిల్లా రామగుండంలో బొగ్గుతో నడిచే ఎఫ్‌సీఐ యూరియా ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నష్టాలతో 1999లో మూతపడింది. ఫ్యాక్టరీ జీతాల మీద బతికే కాలనీకి, దాని చుట్టూ ఉన్న చిన్న కొట్లకి అది పెద్ద దెబ్బ. 2015లో ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త సంస్థ ఏర్పడింది. 2016 ఆగస్టు 7న ప్రధాని శంకుస్థాపన చేశారు. 6,300 కోట్లకు పైగా ఖర్చుతో, ఈసారి సహజ వాయువుతో నడిచేలా కట్టారు. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది, 2022 నవంబరు 12న జాతికి అంకితం చేశారు.

ఈ ప్లాంటు సామర్థ్యం రోజుకి 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. మన లెక్కలో చెప్పాలంటే 45 కిలోల బస్తాలు రోజుకి 85 వేలు. అంతా లారీల్లోనే పంపితే 20 టన్నుల లారీలు రోజుకి 190కి పైగా కావాలి. రైల్లో కూడా పంపుతారు కాబట్టి అన్ని ఉండవు. అయినా ఊరి రోడ్డు మీద పడే బరువు ఎంతో ఊహించుకోండి.

2011 జనాభా లెక్కల ప్రకారం రామగుండంలో 2 లక్షల 29 వేల మంది ఉన్నారు. ప్లాంటు నడక మొదలయ్యాక అమ్మోనియా వాసన, కాలుష్యం గురించి చుట్టుపక్కల జనం ఫిర్యాదులు చేశారు. 2022 మే నెలలో తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్లాంటు మూసివేతకి ఉత్తర్వులు ఇచ్చింది. తర్వాత ప్లాంటు మళ్ళీ నడిచింది. అంటే ప్రభుత్వ సంస్థలే కలిసి పెట్టిన ప్లాంటు మీద కూడా జనం గొంతెత్తితేనే కదలిక వచ్చింది.

బస్తా బయటికి పోతుంది, వాసన ఊళ్ళో ఉంటుంది

నేను ఫ్యాక్టరీలకు వ్యతిరేకిని కాదు. దేశానికి యూరియా కావాలి, విదేశాల నుంచి తెచ్చుకుంటున్నాం కూడా. మనం వాడకపోయినా పక్క చేను రైతు వాడతాడు. కానీ తేడా ఒకటి గమనించండి. బస్తాలు అనేక రాష్ట్రాలకి పోతాయి. వాసన, మురుగునీరు, ప్రమాద భయం మాత్రం ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఊళ్ళలోనే ఉంటాయి.

భయం ఊరికే అనడం లేదు. 2023 డిసెంబరు 26 రాత్రి చెన్నై దగ్గర ఎన్నూరులో, ఓడల నుంచి ఎరువుల ఫ్యాక్టరీకి సముద్రం అడుగున వేసిన పైపులైనులో అమ్మోనియా లీకైంది. జనం కళ్ళ మంటలతో, ఊపిరాడక ఇళ్ళు వదిలి రోడ్ల మీదకి వచ్చారు, కొందరు ఆసుపత్రిలో చేరారు. అమ్మోనియా మామూలుగా గాలికన్నా తేలిక. కానీ చల్లటి ద్రవం ఒక్కసారిగా లీకైతే తెల్లటి మంచులా నేలను పట్టుకుని పాకుతుంది. అలాంటప్పుడు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా పక్కకి పోవాలి. గాలితో పాటు పరుగెత్తకూడదు. ఈ ఒక్క మాట పిల్లలకి కూడా నేర్పండి.

మన పొలానికి దీనితో పనేంటి

గాలిలోకి పోయిన అమ్మోనియా చివరికి నేల మీదే దిగుతుంది. మురుగునీటిలో అమ్మోనియా ఎక్కువైతే చెరువులో నాచు పెరుగుతుంది, చేపలు చస్తాయి. నేలలో అది నైట్రేటుగా మారి బావుల్లోకి దిగుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మన కనిగిరి, పామూరు వైపు ఇప్పటికే ఫ్లోరైడ్ బాధ ఉంది. దానికి ఇంకోటి తోడైతే తట్టుకోలేం.

ఇక్కడే నా సొంత దెబ్బ ఒకటి చెప్పాలి. నాలుగేళ్ళ కింద ఒక కొనుగోలుదారు నా కందిపప్పు లాట్ వెనక్కి పంపాడు, మందు అవశేషాలు ఉన్నాయని. నేను మందు కొట్టలేదు. పక్క చేలో కొట్టింది గాలికి వచ్చిందని నా అనుమానం. కానీ అంతకుముందు నా చేను ఎలా ఉందో చూపించడానికి ఒక్క రిపోర్టు లేదు. పప్పు మామూలు ధరకి అమ్ముకున్నా. డిప్లొమాలో చదువుకున్న మట్టి పరీక్ష నా చేలోనే చేయించుకోలేదు, తప్పు నాదే. ఆ రోజు నుంచి ప్రతి ఏడూ చేయిస్తున్నాను.

ఫ్యాక్టరీ విషయంలోనూ అంతే. ముందు ఎలా ఉందో కాగితం లేకపోతే, తర్వాత చెడిపోయిందని ఎవరి దగ్గరా నిరూపించలేం.

ఫ్యాక్టరీ మాట వినగానే చేయాల్సిన పనులు

1. బావి, బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. నైట్రేటు, అమ్మోనియా, ఫ్లోరైడ్, టీడీఎస్ అడగండి. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. తేదీ, బోరు ఉన్న చోటు రిపోర్టు మీద ఉండాలి. మట్టి పరీక్ష కూడా అలాగే.

2. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో అడగండి. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో రసాయన ఎరువుల పరిశ్రమ 5(ఎ) కింద ఉంది. ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి, స్థానిక భాషలో సారాంశం అందుబాటులో పెట్టాలి.

3. ఆ సభకి తప్పకుండా పోండి. దానికి కోరం లేదు. పదిమందే వచ్చినా సభ జరిగినట్టే లెక్క. అంతా వీడియో తీస్తారు కాబట్టి అరుపులు కాదు, అంకెలు చెప్పండి. రాలేనివాళ్ళు రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వొచ్చు. చివర్లో మనం చెప్పినవి రాసుకున్నారో లేదో చదివించుకోండి.

4. నాలుగు ప్రశ్నలు వదలొద్దు. నీళ్ళు ఎక్కడివి, ఎన్ని? మురుగు ఎక్కడికి? లీకైతే సైరన్, రోడ్డు, ఆసుపత్రి ఏర్పాటేంటి? గాలి కొలిచే మీటరు అంకెలు ఊరికి కనపడేలా బోర్డు మీద పెడతారా?

5. పారిశ్రామిక పార్కు దశలోనే మేలుకోండి. పార్కుకి ముందే పర్యావరణ అనుమతి ఉంటే, లోపల వచ్చే ప్లాంటుకి విడిగా సభ ఉండకపోవచ్చు. మన పామూరు, పీసీపల్లి మండలాల్లో నిమ్జ్ ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతోంది. అందుకే ఇది మనకి ముఖ్యం.

మరి దివాకరపల్లి సంగతి?

బయోగ్యాస్ ప్లాంటులో యూరియా ప్లాంటులాగా వేల టన్నుల అమ్మోనియా తయారుచేయరు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాన్ని పులియబెట్టి గ్యాస్ తీయాలన్నది ఆలోచన. మిగిలిన పిప్పి సేంద్రియ ఎరువు. బాగా జరిగితే బీడుకి అద్దె, ఊళ్ళో పని, చేనుకి ఎరువు, మూడూ వస్తాయి.

కానీ నేపియర్ ఏడాది పొడుగునా కోతకి రావాలంటే నీళ్ళు కావాలి. వెలిగొండ నీళ్ళ కోసం ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న నేల మనది. ఆ గడ్డికి నీళ్ళు ఏ బోరువి, ఏ కాలువవి అన్నది నా మొదటి ప్రశ్న. పిప్పి నిలవచేసే గుంతల నుంచి ఊట కిందికి దిగకుండా ఏం చేస్తారన్నది రెండోది. ఎరువు ఇక్కడి రైతుకి ఏ ధరకి, ఏ పరీక్ష రిపోర్టుతో ఇస్తారన్నది మూడోది.

ఒక జాగ్రత్త కూడా. పులిసిన పిప్పిలో అమ్మోనియా రూపంలో నత్రజని ఉంటుంది. పచ్చిగా మొక్క మొదట్లో పోస్తే వేర్లు మాడతాయి. ఎండలో ఆరబెడితే నత్రజని గాల్లో కలుస్తుంది. మట్టిలో కలిపి, నేల కప్పి వాడాలి. ఇది ఘనజీవామృతానికి బదులు కాదు.

టీ కొట్టు పెద్దాయనకి నా జవాబు ఇదే. ప్లాంటు రానీ, వద్దనను. కానీ అది వచ్చే ముందు మన బావి రిపోర్టు మన బీరువాలో ఉండాలి. ఆయన మొన్న తన బోరు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి నా చేతికిచ్చాడు. "నాది కూడా పంపు అబ్బాయ్" అన్నాడు. మా వీధిలో ఇప్పుడు ఏడు సీసాలయ్యాయి. మీ ఊళ్ళో ఎన్ని?