సముద్రం లేని జిల్లా నుంచి నౌకాదళ పాఠాలు

ఎద్దుమైలారం ఓడీఎఫ్ ఆయుధ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. మనవడు అంతరిక్ష యుద్ధాల కథ రాస్తున్నాడు. "తాతా, మన నౌక రెండు కిలోమీటర్లు పెట్టనా, మూడా?" అన్నాడు. వాడికి చెప్పినవే ఇవి.

1. పొడవు ఆఖరున రాయి. ఎంత దూరం పోవాలి, అక్కడ ఎన్నాళ్లుండాలి, ఎదురయ్యేది ఎవరు అన్నది ముందు తేలనీ.

2. చిన్న గన్‌ను చులకన చేయకు. మా ఫ్యాక్టరీలో సైన్యానికి 'సారథ్' అనే కవచ బండ్లు తయారవుతాయి. ఒక్కో బండి సుమారు 14 టన్నులున్నా నీళ్లలో ఈదుతుంది. దాని 30 మి.మీ. గన్‌నే నౌకలకు పనికొచ్చేలా మారిస్తే సీఆర్‌ఎన్-91 అయింది. రెండు బెల్టులు: ఒకదాంట్లో పేలే గుండ్లు, రెండోదాంట్లో కవచం చీల్చేవి. ఎదురున్నదాన్ని బట్టి ఏ బెల్టు కావాలంటే అది. దాదాపు 48 మీటర్ల కార్ నికోబార్ తరగతి గస్తీ నౌకల మీద ఈ గన్ ఉంది. అనుమానపు పడవను ఆపడానికి 163 మీటర్ల ఐఎన్‌ఎస్ విశాఖపట్నం ఎందుకు? పైగా నేల మీదైనా నీటి మీదైనా గుండు సైజు ఒక్కటే. ఆ సుఖం స్టోర్స్ చూసినవాడికే తెలుసు. నువ్వేమో నౌకకో కొత్త ఆయుధం పెట్టావు, వాటి గుండ్లు ఎవడు మోస్తాడ్రా?

3. ట్యాంకర్‌ను మరవకు. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీని కొట్టింది నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మన మూడు చిన్న క్షిపణి పడవలు. ఖైబర్ అనే పాకిస్తాన్ డెస్ట్రాయర్ మునిగింది. అయితే మన పడవలు తీరం కాపలాకు చేసినవి, దూరం పోలేవు. దారిలో కొంత లాక్కుపోయారు. కిల్టన్, కచాల్ అనే నౌకలు తోడెళ్లాయి, ఇంధనానికి పోషక్ ట్యాంకర్ ఉంది. సినిమాల్లో ఈ ట్యాంకర్ కనపడదు, ఫైటర్లే కనపడతాయి.

4. వేడి. ఇది ఎవరూ పట్టించుకోరు. సముద్రంలో ఇంజన్ వేడిని నీళ్లలోకి వదిలేయొచ్చు. అంతరిక్షంలో నీళ్లూ లేవు, గాలీ లేదు. వేడిని కిరణాలుగా వెదజల్లాల్సిందే. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అంతేసి రేడియేటర్ పలకలు. నౌక కొలతలన్నీ రెట్టింపైతే లోపలి చోటు ఎనిమిదింతలు, పైచర్మం నాలుగింతలే. లోపల పుట్టే వేడికి బయటికి దారి చాలదు. స్టార్ వార్స్‌లో 1,600 మీటర్ల స్టార్ డెస్ట్రాయర్‌కు రేడియేటర్ ఎక్కడుందో చూపించమన్నాను. వెతుకుతున్నాడు. ఇంకో చిక్కు, సముద్రంలో పడవ దిగంతం చాటున నక్కొచ్చు. అక్కడ దిగంతమే లేదు, వేడెక్కిన నౌక దూరం నుంచే పట్టుబడుతుంది.

5. అంతా ఒక్కదాంట్లో పెట్టకు. జపాన్ యమాతో బ్యాటిల్‌షిప్‌లలో అతి పెద్దవాటిలో ఒకటి. 1945 ఏప్రిల్ 7న విమానాలు ముంచేశాయి.

6. డాక్ ఎంతో నౌక అంత. మన కొత్త విమాన వాహక నౌక విక్రాంత్ 262 మీటర్లు, కొచ్చిలో డాక్ ఉంది కాబట్టి కట్టగలిగారు. నీ మూడు కిలోమీటర్లదానికి దెబ్బ తగిలితే ఏ గ్రహం దగ్గర నిలిపి వెల్డింగ్ చేయిస్తావు? పటాన్‌చెరులో అయితే చెప్పు, ఫ్యాబ్రికేషన్ వాళ్లు నాకు తెలుసు.