కంప్యూటరుకు రోగనిదానం

తెలుగులో 'నిదానం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వైద్యశాస్త్రంలో అది రోగానికి మూలకారణాన్ని కనుగొనడం. లోకవ్యవహారంలో తొందరపడకుండా మెల్లగా నడచుకోవడం. ఆట తెరవగానే ఆరిపోయే కంప్యూటరును బాగుచేయదలచినవారికి ఈ రెండూ కావాలి. పాఠాలు చదివేటప్పుడు, పాటలు వినేటప్పుడు గంటల తరబడి ఏ లోపమూ లేకుండా పనిచేసిన యంత్రం, ఆట మొదలుపెట్టిన మరుక్షణం దీపం ఆర్పినట్లు ఆరిపోతుంది. చూచేవారికి ఆ ఆటే దానిని పాడుచేసిందనిపించడం సహజం. చాలాసార్లు ఆట కొత్త రోగాన్ని తెచ్చిపెట్టదు; మెట్లెక్కినప్పుడు ఆయాసం బయటపడినట్లు, లోపలి బలహీనత అప్పుడు బయటపడుతుంది.

2019 వేసవిలో గుంటూరులో మా అక్కయ్య ఇంట ఇదే జరిగింది. మేనల్లుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో చేరబోతున్నాడు. వాయిదాల మీద కొన్న కంప్యూటరులో, తాను దాచుకున్న డబ్బుతో తెచ్చిన పాత గ్రాఫిక్స్ కార్డును అమర్చుకున్నాడు. వారం తిరగకముందే, ఆట తెరిస్తే చాలు, యంత్రం ఆరిపోసాగింది. మరమ్మతు దుకాణంవారు మూత విప్పి చూచి, మదర్‌బోర్డు పోయిందని, తొమ్మిది వేల రూపాయలు అవుతాయని చెప్పారు. బావగారికి కోపం వచ్చింది. "ఆటల పిచ్చితో వస్తువును తగలబెట్టాడు. ఎంతకో ఒకంతకు అమ్మేస్తాను" అన్నారు. కుర్రవాడు నాకు ఫోను చేసి, "మామయ్యా, నేనేమీ పాడుచేయలేదు. ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాడు.

వెళ్ళిన వెంటనే నేను మూత విప్పలేదు. ముందు ప్రశ్నలు అడిగాను.

"ఎలా ఆరిపోతున్నదిరా?"

"ప్లగ్గు పీకినట్లు, మామయ్యా. ఫ్యాన్లు కూడా ఒక్కసారే ఆగిపోతున్నాయి."

"ఎంతసేపటికి?"

"ఆట తెరుచుకున్నాక అరనిమిషం లోపే."

ఈ రెండు జవాబులలోనే సగం నిదానం ఉంది. నీలిరంగు తెర మీద ఏవో అక్షరాలు కనిపించి యంత్రం తిరిగి మొదలైతే, ముందుగా డ్రైవరును, మెమరీని అనుమానించాలి. ఏ హెచ్చరికా లేకుండా సర్వం ఆగిపోతే వేడినో, విద్యుత్తునో అనుమానించాలి. విండోస్ తన దినచర్య పుస్తకంలో ఇటువంటి సంఘటనను 'కెర్నల్-పవర్ 41' అని రాసుకుంటుంది. దానిని చూచి విద్యుత్ లోపమని తీర్మానించేవారున్నారు. అది పొరపాటు. యంత్రం క్రిందటిసారి సక్రమంగా ఆగలేదని మాత్రమే దాని తాత్పర్యం. కారణం అందులో ఉండదు.

వేడి సంగతి చూద్దాం. ప్రాసెసరు మితిమీరి వేడెక్కితే మొదట తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ప్రాణరక్షణ కోసం యంత్రాన్నే ఆపివేయిస్తుంది. ఈ ఏర్పాటు విలువను 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రిక ఒక ప్రయోగంలో చూపింది. పనిచేస్తున్న ప్రాసెసర్ల మీది లోహపు శీతలకాలను తీసివేయగా, పెంటియం 4 వేగం తగ్గించుకొని బతికింది. ఆ కాలపు అథ్లాన్ క్షణాలలో కాలిపోయింది. నేటి ప్రాసెసర్లన్నిటిలోనూ అటువంటి రక్షణ ఉంది. కాబట్టి ఆరిపోవడమంటే యంత్రం చావడం కాదు, తనను తాను కాపాడుకోవడం కావచ్చు. వేడి వలన వచ్చే ఆగిపోవడం సాధారణంగా పది, పదిహేను నిమిషాల ఆట తరువాత కనిపిస్తుంది. అయితే శీతలకం బిగింపు సడలితే క్షణాలలోనూ రావచ్చు. అందుచేత ఊహించడం కంటె కొలవడం మేలు. ఉష్ణోగ్రతలు చూపే ఉచిత సాఫ్ట్‌వేరును నడిపి, ఆరిపోయేముందు కనిపించిన అంకెలను మేనల్లుడి చేత నోటుపుస్తకంలో రాయించాను. గుంటూరు ఎండలో కూడా అవి 60 నుంచి 65 డిగ్రీల మధ్యనే ఉన్నాయి. వేడి నిర్దోషి అని తేలింది.

ఇక విద్యుత్తు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును యంత్రానికి తగిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చే పెట్టెను మన దుకాణాలలో ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. కంప్యూటరు కొనేటప్పుడు ఎవరూ దాని మొహం చూడరు. లోపాలలో మాత్రం దాని వాటా పెద్దది. ఆట మొదలుకాగానే ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల తీగ నుంచే బలంగా లాగుతాయి. మా వాడి కార్డుకు 120 వాట్లు, ప్రాసెసరుకు 65 వాట్లు కావాలి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో '450 వాట్లు' అని ఉంది. చిన్న అక్షరాలలో 12 వోల్టుల వరుసకు 18 ఆంపియర్లే. హెచ్చవేస్తే 216 వాట్లు. బోర్డు, డిస్కు, ఫ్యాన్లు కలిపితే మిగిలేది దాదాపు శూన్యం. పైగా గ్రాఫిక్స్ కార్డు సెకనులో వెయ్యో వంతు కాలం తన సగటు కంటె ఎంతో ఎక్కువ లాగుతుంది. ఈ ఇబ్బంది పెద్ద కార్డులతో మరీ పెరిగినందువలన, 2022లో వచ్చిన ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణం అటువంటి క్షణిక భారాన్ని తట్టుకోవాలని ఎస్.ఎం.పి.ఎస్.లకు నియమం పెట్టింది.

"ఆట ఇంకా మొదలే కాలేదు కదా, మామయ్యా! మెనూ దగ్గరే ఆరిపోతున్నదేం?" అని మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న. మెనూలో గీయవలసింది తక్కువ. హద్దు లేకపోతే కార్డు సెకనుకు వందల చిత్రాలు గీస్తూ పూర్తి బలంతో పరుగెడుతుంది. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 విడుదలైనప్పుడు కొందరి కార్డులు మెనూ తెరల వద్దనే మితిమీరి వేడెక్కగా, దానిని తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థయే చిత్రాల సంఖ్యకు హద్దు పెట్టుకొమ్మని సూచించింది.

తరువాత పరీక్షలు చేశాము, ఒకసారికి ఒక మార్పు మాత్రమే. యు.పి.ఎస్.ను తప్పించి ప్లగ్గును నేరుగా గోడకు పెట్టాము. బ్యాటరీ పాతదైతే అదీ దోషి కావచ్చు. అయినా ఆరిపోయింది. సెకనుకు 30 చిత్రాలని హద్దు పెట్టాము. గంటసేపు ఆట నడిచింది! మదర్‌బోర్డు పోయినది అలా నడవడం అరుదు. చివరికి మిత్రుని ఇంటి నుంచి మంచి ఎస్.ఎం.పి.ఎస్.ను ఎరువు తెచ్చి బిగించి, హద్దు తీసివేశాము. ఆ సాయంత్రమంతా యంత్రం ఆరలేదు. బావగారు కుర్చీ లాక్కొని వెనుకనే కూర్చుని చూచారు.

కొత్త ఎస్.ఎం.పి.ఎస్.కు మూడు వేలు అయింది. పాతదానిని విప్పి లోపల ఏముందో చూస్తానని మేనల్లుడు స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. వారించాను. దాని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.