తెల్ల చొక్కా నుంచి మొదలుపెట్టు

టీ చల్లారుతోంది, ముందు అది తాగు. చంద్రపూర్ బడిపిల్లలకి గాలి కాలుష్యం గురించి ఎంత తెలుసో సర్వే చెయ్యాలి, ఏం అడగాలో తోచడం లేదు. అంతే కదా? దీనికేనా రెండు రాత్రులు నిద్ర మానుకున్నావు?

నీ ప్రశ్నలు చూశాను. ‘గాలి కాలుష్యం ఆరోగ్యానికి హానికరమా?’ అన్నది మొదటిది. కాదని రాసే పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా చెప్పు! అందరూ అవుననే రాస్తారు, మనం పట్టిక గీసి ‘అవగాహన బాగుంది’ అనేసి ఊరుకుంటాం. అది పాఠం అప్పజెప్పడం తల్లీ. పర్యావరణం గురించి బళ్లలో తప్పకుండా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పుస్తకంలో ఉన్నది వాళ్లకి వచ్చు.

అందుకని ఇంటి దగ్గర మొదలుపెట్టు. దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఎలా ఉంటుంది? డాబా ఊడిస్తే నల్లటి నుసి వస్తుందా? స్నానానికి నీళ్లు గ్యాసు మీద కాగుతాయా, కట్టెల మీదా, బొగ్గు మీదా? ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా? వీటికి పక్కవాడి కాగితం చూసి రాయడం కుదరదు, ఎవరి చొక్కా వాళ్లదే. ఆ తర్వాత మెల్లగా అడుగు: ‘పొగ కనబడకపోతే గాలి మంచిదేనా?’ అసలు సంగతి బయటపడేది ఇక్కడే. పిల్లలు కంటికి కనిపించే దుమ్మునే కాలుష్యం అనుకుంటారు, మనమూ అంతేగా! ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగేది 2.5 మైక్రాన్ల లోపు ధూళి, దాన్నే పీఎం 2.5 అంటారు. అది తలవెంట్రుక మందంలో మహా అయితే సుమారు ముప్పయ్యో వంతు ఉంటుంది.

ఇంకో దిగులు ఉంది నీకు, చెప్పకపోయినా తెలుసు. ఆ ఊళ్లో చాలా ఇళ్లకి బొగ్గే అన్నం. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ గనులు, పక్కనే బల్లార్‌పూర్ కాగితం మిల్లు. ‘కాలుష్యానికి బాధ్యులెవరు?’ అని అడిగితే, నాన్న డ్యూటీ గుర్తొచ్చి పిల్లల మనసు చివుక్కుమనదూ? ‘మీ వాడలో పొగ, దుమ్ము ఎక్కడెక్కడి నుంచి వస్తాయి?’ అని అడుగు చాలు. పేర్లు రాయించకు. హెడ్మాస్టరు గారి అనుమతి మాత్రం రాతలో తీసుకో, నోటిమాట వద్దు.

జవాబుల పక్కన ఊరి లెక్కలూ ఉండాలి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యానికి మార్కులేస్తే, చంద్రపూర్ 83.88తో నాలుగో స్థానంలో నిలిచింది. ఎక్కువ వస్తే ఏడవాల్సిన పరీక్ష అది! గాలి, నీరు, నేల మూడూ కలిపిన లెక్క కాబట్టి దాన్ని ఉత్త గాలి మార్కుగా రాసేయకు. గాలి కోసమైతే ఖుటాలా పారిశ్రామిక వాడలో కొలిచే యంత్రం ఉంది, ఏ రోజు అంకె ఆ రోజు దొరుకుతుంది. పీఎం 2.5కి మన దేశంలో రోజు పరిమితి ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు. సర్వే చేసిన రోజు అంకె కూడా కాగితం మీద రాసుకో. ఎందుకంటావా? వాన కడిగిన జులైలో అడిగితే ‘మా గాలి బాగానే ఉంది’ అంటారు. చలికాలం పొద్దున పొగ పైకి లేవక నేలబారున నిలిచిపోయినప్పుడు అదే పిల్లలు ఇంకో మాట చెబుతారు. కుదిరితే రెండుసార్లు అడుగు.

బడి మరాఠీదైతే ప్రశ్నలూ మరాఠీలోనే ఉండాలి, వాళ్లు వీధిలో మాట్లాడే మరాఠీలో. రేపు పొద్దున మీ వీధి పిల్లలు నలుగురికి ఇచ్చి చూడు. ఏ ప్రశ్న దగ్గర పెన్ను నోట్లో పెట్టుకుని నీ మొహంలోకి చూస్తారో, ఆ ప్రశ్న కొట్టేసి మళ్లీ రాయి.