ఫోటోషాప్‌లో స్కానర్ కనబడటం లేదు

ప్రశ్న: కొత్త కంప్యూటర్‌లో ఫోటోషాప్ వేయించాను. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ నొక్కితే స్కానర్ పేరే లేదు. పాడైందా?

జవాబు: లేదండీ, దాన్ని పారేయకండి. స్కానర్‌కీ ఫోటోషాప్‌కీ మధ్య దుబాసీ ట్వెయిన్ ప్లగిన్. 2008లో వచ్చిన సీఎస్4 నుంచి అది ఫోటోషాప్‌తోపాటు దానంతటదే ఇన్‌స్టాల్ కావడం లేదు. పైగా పాత స్కానర్ల డ్రైవర్లు ఎక్కువగా 32 బిట్‌వి. 64 బిట్ ఫోటోషాప్ వాటిని వాడుకోలేదు.

ఫోటోషాప్‌లోంచే స్కాన్ చేయాలన్న పట్టింపు వదిలేయమంటాను. స్కానర్ కంపెనీ ప్రోగ్రాంతో గానీ, అది నడవకపోతే వ్యూస్కాన్‌తో గానీ (ఇది కొనుక్కోవాలి) స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా దాచి తెరవండి. అమ్మమ్మ పెళ్లి ఫోటోలాంటిదైతే 600 డీపీఐ పెట్టండి. జేపెగ్ వద్దు, చీర జరీ అంచు దగ్గర సన్నటి గీతలు అలుక్కుపోతాయి. ముందుగా అద్దం మీది దుమ్మును మెత్తటి గుడ్డతో తుడవండి. లేదంటే ఒక్కో నలుసునూ తర్వాత మౌస్‌తో చెరుపుకుంటూ కూర్చోవాలి.