పొట్ట చూసి మోసపోవద్దు: మేతకు తిరిగే పడ్డల బరువు టేపుతో తెలుసుకోండి

పైన వీడియోలో నేను టేపు పట్టుకుని కొలుస్తున్న గ్రేడెడ్ ముర్రా పడ్డను నిరుడు అమ్మేద్దామనుకున్నాను. 26 నెలలు నిండినా ఎదకు రాలేదు. "ఇది గొడ్డుదే, ఇచ్చెయ్యి" అని బేరగాడు రేటు కూడా చెప్పేశాడు. చూడ్డానికి పొట్ట గుండ్రంగా, నిండుగా ఉండేది. బరువుకి లోటు లేదనే అనుకున్నా. డిప్లొమాలో చదువుకున్న కొలత గుర్తొచ్చి, అమ్మే ముందు ఒకసారి టేపు వేశాను.

దీన్ని షాఫర్ సూత్రం అంటారు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి తోక పక్కనున్న పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది.

మా పడ్డ చుట్టుకొలత 52, పొడవు 46. అంటే 52 × 52 × 46 ÷ 660 = 188 కిలోలు! ముర్రా పడ్డ చూడి కట్టించడానికి 275 నుంచి 300 కిలోలు ఉండాలి. ఎదకు రాకపోవడం దాని తప్పు కాదు, నాదే.

మరి ఆ పొట్ట ఏంటి? పేడ పరీక్ష చేయిస్తే కార్జపు జలగల గుడ్లు కనిపించాయి. మా పశువులు రోజూ చెరువు గట్టు కింద తడి గడ్డి మేసేవి. ఈ జలగలు అక్కడి నత్తల ద్వారానే వస్తాయి. మేత నాసిరకంగా ఉండి, లోపల పురుగులుంటే పొట్ట పెరుగుతుంది, వెన్ను, పిర్రలు మాత్రం ఎండిపోతాయి. అందుకే పొట్ట చూడకండి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూడండి. ఎముకలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తే బక్కది. గట్టిగా నొక్కినా చేతికి తగలకపోతే కొవ్వెక్కింది.

నేను చేసిన మార్పులు ఇవే:

1. డాక్టరు గారు రాసిన జలగల మందు, బరువు చెప్పి ఆ మోతాదులోనే వేయించాను. బరువు తెలియకుండా మందు వేస్తే ఎక్కువో తక్కువో అవుతుంది.
2. చెరువు వైపు మేపడం ఆపేసి, మెట్ట గట్ల మీదికి మార్చాను.
3. సాయంత్రం ఇంటికొచ్చాక అలసంద, అవిసె ఆకు కలిపిన పచ్చిమేత, కిలో దాణా (మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క), 30 గ్రాముల లవణ మిశ్రమం పెట్టాను.

ఎనిమిది నెలల తర్వాత చుట్టుకొలత 61, పొడవు 53 వచ్చింది. లెక్క వేస్తే 299 కిలోలు. రోజుకి దాదాపు 450 గ్రాములు పెరిగినట్టు. ఆ నెలలోనే ఎదకు వచ్చింది, ఇప్పుడు చూడితో ఉంది.

బక్కగా ఉంటే నష్టం కదా అని తవుడు దంచి పెట్టేయకండి. ఎదకు రాకముందే బాగా కొవ్వు పడితే పొదుగులో పాల కణజాలం ఉండాల్సిన చోట కొవ్వు చేరుతుంది, తర్వాత పాలు తగ్గుతాయి. నెలకు 12 నుంచి 15 కిలోలు పెరిగితే చాలు. 10 కన్నా తగ్గితే ముందు పేడ పరీక్ష చేయించండి. 20 దాటితే దాణా తగ్గించండి.

నెలకోసారి, ఒకే మనిషి, పొద్దున్నే మేతకీ నీళ్లకీ ముందు, చదునైన నేల మీద నిలబెట్టి కొలవండి. టేపు లెక్క కాటా అంత కచ్చితం కాదు. కానీ పోయిన నెల కన్నా పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం తప్పకుండా చెబుతుంది. కొలిచిన తేదీ, బరువు కొట్టంలో గోడ మీద సుద్దముక్కతో రాసినా చాలు.

మీ కొట్టంలోనూ ఎదకు రాని పడ్డ ఉంటే, బేరగాణ్ణి పిలిచే ముందు టేపు తీయండి.